షిఫ్టు మారిన వారమల్లా చదివే అలవాటు తెగిపోతోంది, ఏం చేయాలి?

ఉద్యోగం చేస్తూనే తెలంగాణ గ్రూప్‌-2కు సిద్ధమవుతున్నాను. ఒక్కొక్కటి 150 మార్కుల చొప్పున నాలుగు పేపర్లు, మొత్తం 600 మార్కులు. మా ఫ్యాక్టరీలో ఒక వారం పగటి షిఫ్టు, మరుసటి వారం రాత్రి షిఫ్టు ఉంటుంది.

మొదట 90 రోజుల్లో రెండో పేపరు పూర్తిచేయాలన్న లక్ష్యంతో రోజుకు 12 పేజీలు పెట్టుకున్నాను. మూడో వారానికే 70 పేజీలు బాకీ పడ్డాయి. ఆ బాకీ గుర్తుకొస్తే పుస్తకం తెరవబుద్ధయ్యేది కాదు. అందుకని లక్ష్యాన్ని పక్కనపెట్టి, ఉదయం 5 నుంచి 6:15 వరకు ఎంత సాగితే అంత చదవడం అలవాటు చేసుకున్నాను. పగటి షిఫ్టు వారాల్లో ఒక్క రోజూ తప్పలేదు, వంటగది గోడమీది క్యాలెండరులో వరుసగా ఎర్ర టిక్కులు పడ్డాయి. రాత్రి షిఫ్టు వారంలో మాత్రం ఉదయం 6:30కి ఇల్లు చేరేసరికి కళ్లు మూతలు పడుతుంటాయి కాబట్టి ఆ గడులన్నీ ఖాళీగానే మిగిలాయి. మధ్యాహ్నం 2 గంటలకు లేచి చదవడం రెండు రోజులకు మించి సాగలేదు. షిఫ్టు విరామంలో 20 నిమిషాలు చదివినది మర్నాటికి గుర్తులేదు.

అలవాటులో ఇంకో లోపమూ కనబడింది. సమయం నిండితే చాలన్న ధోరణిలో ఇష్టమైన చరిత్రనే తిరగేస్తూ రాజ్యాంగం భాగాన్ని ముట్టలేదు. అయినా నాకు అలవాటుమీదే నమ్మకం ఎక్కువ, ఎందుకంటే నన్ను బల్ల ముందు కూర్చోబెట్టింది అదొక్కటే.

వారంవారం షిఫ్టు మారుతూ చదివినవారు దయచేసి చెప్పండి: రాత్రి షిఫ్టు వారంలో మీరు రోజూ చదివే అలవాటును ఏ వేళకు మార్చుకుని నిలుపుకోగలిగారు?