అప్‌డేట్: తాతగారి రాగి నాణేల మీద పచ్చ పొడి

మా తాతగారి డబ్బాలో దొరికిన 1835 నాటి ఈస్టిండియా కంపెనీ పావు అణాల మీద పచ్చ పొడి రాలుతోంది, చింతపండుతో తోమవచ్చా అని అడిగాను కదా. వద్దన్నవాళ్లందరికీ చాలా థాంక్స్, తోమలేదు. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీళ్లు మారుస్తూ వచ్చాను. భూతద్దం కింద వెదురు పుల్లతో ఆ లేతపచ్చ పొడిని మెల్లగా గీరితే అడుగున చిన్న చిన్న గుంటలు కనిపించాయి. రాగిని తినేసే క్లోరైడ్ అనే లవణం చేసే పని అది, తేమ తగిలితే మళ్లీ మొదలవుతుంది. ముదురు గోధుమ రంగు పూతను మాత్రం ముట్టుకోలేదు. నాణేనికి అదే రక్షణ, నా దృష్టిలో అందం కూడా అదే.

మిగిలిన తడి పోయేలా అసిటోన్‌ అనే త్వరగా ఆవిరయ్యే ద్రవంలో ముంచి ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టాను. వానాకాలంలో మా విజయవాడ తేమ సంగతి తెలిసిందేగా! ఒక నాణెం మీద పచ్చ చుక్క మళ్లీ లేచింది, దాన్ని విడిగా ఉంచాను. రాగి తుప్పును అడ్డుకునే బెంజోట్రయజోల్ అనే రసాయనం వాడినవాళ్లు ఉంటే చెప్పండి.