2020 ఆర్‌బీఐ ప్రకటనకు అంత నెగటివ్ స్కోరా?

ప్రశ్న:
నమస్కారం. ఎంఏ ఎకనామిక్స్ ప్రాజెక్టు కోసం 2008, 2020 సంక్షోభాల్లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్, మన ఆర్‌బీఐ ఇచ్చిన ప్రకటనలను పైథాన్‌లో పోలుస్తున్నాను. పదాల జాబితాతో సెంటిమెంట్ (మాటల ధోరణి పాజిటివా, నెగటివా అన్నది) లెక్కిస్తే 2020 మార్చి 27 నాటి ఆర్‌బీఐ ప్రకటన బాగా నెగటివ్‌గా వస్తోంది. కానీ ఆ రోజే రెపో రేటును (బ్యాంకులకు ఆర్‌బీఐ ఇచ్చే అప్పుపై వడ్డీ) 5.15 నుంచి 4.40 శాతానికి తగ్గించారు. నా దృష్టిలో అది ధైర్యం చెప్పిన ప్రకటన. స్కోరును నమ్మాలా? గైడ్ మీటింగ్ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ఒకే అంకెలో రెండు విషయాలు కలిసిపోయాయండీ. పరిస్థితి ఎలా ఉందో చెప్పే వాక్యాలు వేరు, బ్యాంకు ఏం చేస్తుందో చెప్పేవి వేరు. ముందు వాటిని విడదీసి, విడివిడిగా స్కోరు వేయండి. పదాల లెక్కకు ‘ద్రవ్యోల్బణం తగ్గింది’, ‘వృద్ధి తగ్గింది’ రెండూ ఒకటే. కొన్ని వాక్యాలకు చేత్తో లేబుల్ (పాజిటివ్, నెగటివ్ అని గుర్తు) వేసి, ఆర్థిక రంగ భాష కోసం చేసిన ఏఐ మోడల్ ఫిన్‌బర్ట్‌ను ట్రైన్ చేస్తే ఈ తేడా చాలావరకు పట్టుకుంటుంది.

జవాబు 2:
రెండు బ్యాంకుల స్కోర్లను నేరుగా పక్కపక్కన పెట్టకండి. ఫెడ్ ప్రకటన చిన్నది, ఆర్‌బీఐది పొడవు. పైగా మన ద్రవ్య విధాన కమిటీ 2016లో వచ్చింది, 2008 పత్రాల తీరే వేరు. ఏ బ్యాంకు ప్రకటననైనా దాని ముందటి ప్రకటనతోనే పోల్చండి. ప్రతిసారీ వచ్చే మామూలు వాక్యాలు తీసేశాకే కొసైన్ సారూప్యత (రెండు పత్రాల మాటలు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే కొలత) చూడండి. అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసిన మర్నాడు, 2008 సెప్టెంబర్ 16న, ఫెడ్ రేటును 2 శాతం దగ్గరే ఉంచింది. అక్టోబర్ 8న 1.5కు తగ్గించింది. ఆ రెండింటితో మొదలుపెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. లేబుల్స్ నేనొక్కడినే వేస్తే సరిపోతుందా?

జవాబు 1:
సరిపోదు. ఇంకొకరితో విడిగా వేయించండి. మీ ఇద్దరికీ కుదరని వాక్యాలను గైడ్‌కు చూపించండి.