'ది పార్టీ' చూసి నవ్వితే తప్పా? మా మేనల్లుడు మధ్యలో లేచిపోయాడు

సత్యనారాయణపురం_మావయ్య:

సంక్రాంతికి మా అక్కావాళ్ళు బెజవాడ వచ్చారు, డల్లాస్ నుంచి మేనల్లుడు కూడా దిగాడు. భోగి రాత్రి అందరం కూర్చుని ఏదైనా పాత సినిమా పెట్టుకుందామంటే నేనే ఎగబడి పీటర్ సెల్లర్స్ 'ది పార్టీ' పెట్టాను. 1968 సినిమా. డిగ్రీ రోజుల్లో వీసీఆర్ అద్దెకి తెచ్చి మా మేడ మీద పదిహేను మందిమి చూసి పొట్ట పట్టుకుని నవ్విన సినిమా అది. చూడనివాళ్ళకి చెప్తున్నా, బక్షీ అని ఒక ఇండియన్ చిన్న నటుడు హాలీవుడ్ షూటింగులో కోట సెట్టుని పొరపాటున పేల్చేస్తాడు, వీడికి ఇక జన్మలో వేషం ఇవ్వకూడదని స్టూడియో బాస్ రాసుకున్న పేరు కాస్తా ఆయన ఇంట్లో జరిగే పార్టీ పిలుపుల జాబితాలో పడుతుంది. అక్కణ్ణుంచి గోలే గోల.

అందరూ నవ్వుతున్నారు, వాడు మాత్రం ఫోను చూసుకుంటున్నాడు. చిలక్కి గింజలేస్తూ 'బర్డీ నమ్ నమ్' అనే సీను వచ్చినప్పుడు నేను కూడా బక్షీ మాట్లాడే ఆ ఇండియన్ ఇంగ్లీషు యాసలో రెండుసార్లు అన్నాను. అంతే, లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. పొద్దున కాఫీ దగ్గర అడిగితే, 'ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను మీటింగులో నోరు తెరిస్తే చాలు, పక్క టీమువాడు సరిగ్గా ఇదే యాస చేసేవాడు మావయ్యా, రాత్రి నువ్వు చేస్తుంటే ఏం చెయ్యాలో తోచలేదు' అన్నాడు.

బాధేసింది గానీ పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నా. ఆ సినిమాలో అందరికన్నా మంచివాడు మనవాడే కదా! తాగి తూలేదీ, ఆడపిల్లని ఏడిపించేదీ వాళ్ళు. ఇది మనల్ని వెక్కిరించడం ఎలా అవుతుంది? పాత సినిమాలన్నీ ఈ కళ్ళతో చూస్తే ఇంకేం మిగులుతాయండీ?

పటమట_లత:

మంచివాడు మనవాడే అన్నారు చూడండి, అసలు అందులో మనవాడు ఎక్కడున్నాడండీ? ఇంగ్లండు నటుడు సెల్లర్స్ ముఖానికి గోధుమరంగు పూసుకుని చేసిన వేషం అది. 1960లో 'ది మిలియనీరెస్'లో కూడా ఇండియన్ డాక్టరుగా వేశాడు, అంటే అది ఆయనకి అలవాటైన సరుకే. 'ది పార్టీ' తీసిన బ్లేక్ ఎడ్వర్డ్సే 1961లో 'బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫనీస్' తీశాడు, అందులో మికీ రూనీ అనే తెల్ల నటుడికి ఎత్తుపళ్ళు పెట్టి జపాన్‌వాడి వేషం కట్టించాడు. ఆడ్రీ హెప్‌బర్న్ కోసం ఎంతో ఇష్టంగా చూస్తుంటానా, ఆయన వచ్చినప్పుడల్లా ఫార్వర్డ్ చేసేస్తాను, భరించలేను. ఎడ్వర్డ్సే తర్వాతి కాలంలో ఆ పనికి పశ్చాత్తాపపడ్డాడు.

పోనీ అప్పట్లో నటులు దొరకలేదా అంటే, దొరికారు. 1937లో 'ది గుడ్ ఎర్త్' అని చైనా రైతుల కథ తీశారు. లాస్ ఏంజెలెస్‌లోనే పుట్టి పెరిగిన చైనీస్ అమ్మాయి అన్నా మే వాంగ్ అప్పటికే పేరున్న తార. ఆ రైతు భార్య పాత్ర ఆమెకి ఇవ్వలేదు. జర్మనీలో పుట్టిన లూయీజ్ రైనర్‌తో వేయించారు, ఆమెకి ఆస్కార్ కూడా ఇచ్చారు!

మీ మేనల్లుడి మాటకొస్తే, 'ది సింప్సన్స్' కార్టూన్‌లో కిరాణా కొట్టు నడిపే ఇండియన్ అపు ఉన్నాడు కదా, ఆ గొంతు ఇచ్చిన హాంక్ అజేరియా సెల్లర్స్ బక్షీని చూసే ఆ యాస పట్టానని చెప్పాడు. దాని మీద 2017లో డాక్యుమెంటరీ చేసిన కమెడియన్ హరి కొండబోలు మన తెలుగువాళ్ళ అబ్బాయే. 2020లో అజేరియా ఆ పాత్ర మానేశాడు. మీరు మేడ మీద నవ్వుకున్న ముక్క అమెరికాలో మన పిల్లల వెంట యాభై ఏళ్ళు పడింది.

లీలామహల్_నేలటికెట్:

లత గారు చెప్పిన దాంట్లో అబద్ధం లేదు, కానీ చూడటం మానేద్దాం అంటే మాత్రం నేను ఒప్పుకోను తల్లీ. ఇంగ్లీషు సినిమాలు చూసి పాడైపోయాడని ఇంట్లో తిట్లు తిన్నవాణ్ణి.

అమెరికాలో బానిసత్వం నాటి కథ 'గాన్ విత్ ద విండ్' కుర్రతనంలో చూసినప్పుడు నాకు కనపడ్డవి ఆ గౌన్లు, తగలబడుతున్న అట్లాంటా, అంతే. మామీ అనే ఆ నల్ల పనిమనిషి నాకు నవ్వించే ముసలమ్మ. రిటైరయ్యాక మళ్ళీ చూస్తే కథ పక్కకి పోయి ఆవిడే కనపడుతోంది. బానిసలు యజమానుల కోసం ప్రాణం పెట్టేస్తుంటారు, ఒక్కడి మొహంలో కూడా ఇక్కణ్ణుంచి ఎప్పుడు పోదామా అనే ఆలోచన కనపడదు. ఇది ఎవరు చెప్పుకున్న కథో తెలిసిపోతుంది. ఆ మామీ వేసిన హ్యాటీ మెక్‌డేనియల్‌ని 1939లో అట్లాంటాలో జరిగిన ప్రీమియర్‌కి రానివ్వలేదు, అక్కడి చట్టాలు అలాంటివి. 1940 ఫిబ్రవరిలో ఆస్కార్ వచ్చింది, నల్లజాతివాళ్ళలో మొట్టమొదటిది. ఆ రాత్రి హోటల్లో ఆమెని మిగతా నటులతో కలిపి కూర్చోబెట్టలేదు, వేరే చిన్న బల్ల వేశారు. మన పల్లెటూళ్ళలో హోటళ్ళ ముందు విడిగా పెట్టిన గ్లాసులు చూసినవాళ్ళకి ఈ బల్ల సంగతి వివరించక్కర్లేదు.

2020లో హెచ్‌బీఓ మ్యాక్స్ అనే ఓటీటీ ఈ సినిమాని కొన్నాళ్ళు తీసేసి, మళ్ళీ పెట్టింది. ముందు ఒక నల్లజాతి సినిమా ప్రొఫెసర్, జాక్వెలిన్ స్టూవర్ట్, నాలుగు మాటలు చెప్తుంది. సినిమాలో ఒక్క ముక్క కొయ్యలేదు. నాకు అదే పద్ధతిగా అనిపించింది. కోసేస్తే ఆ హ్యాటీ కూడా పోతుంది కదా.

బ్రాడీపేట_నాలుగో_లైను:

అందరూ అమెరికావాణ్ణి కడిగేశారు, బాగుంది. అదే 1968లో హిందీలో 'పడోసన్' వచ్చింది, మెహమూద్ మద్రాసీ సంగీతం మాస్టారు. దానికి ఉత్తరాదివాళ్ళు నవ్వితే మనకి కాలుతుంది, విడిగా మనం తమిళులమా తెలుగువాళ్ళమా అని కూడా చూడరు. సరే, మరి మన సినిమాల సంగతి? అడవి పాట అనగానే జూనియర్ ఆర్టిస్టులకి ఒళ్ళంతా నల్లరంగు పూసి, ఈకలు కట్టి, అర్థంపర్థం లేని భాష మాట్లాడించారా లేదా? కోయదొర వస్తే కామెడీ. రాక్షసుడంటే నలుపు. కమెడియన్‌కి పెళ్ళి చెయ్యాలంటే నల్లటి పెళ్ళికూతురు, ముసుగు తియ్యగానే హాలంతా నవ్వు. నేనూ నవ్వాను. మా చెల్లి నా పక్క సీట్లోనే ఉంది, అది చామనఛాయ. తర్వాత దాని పెళ్ళిచూపుల్లో 'అమ్మాయి ఎర్రగా బుర్రగా ఉంటే బాగుండేది' అని వచ్చినవాళ్ళు మా గుమ్మం దాటకముందే అన్నారు. ఆ సినిమా టీవీలో వస్తే మా చెల్లి ఇప్పటికీ ఛానల్ మారుస్తుంది, ఎందుకని మేమెవరం అడగం.

సత్యనారాయణపురం_మావయ్య:

అందరికీ థాంక్సండీ. నిన్న రాత్రి ఒక్కణ్ణే మళ్ళీ పెట్టుకుని చూశాను. మొదట్లో యుద్ధం సీనులో బక్షీ ఎన్ని తూటాలు తగిలినా చావకుండా బూర ఊదుతూనే ఉంటాడు చూడండి, దానికి నవ్వు ఆగలేదు. చిలక దగ్గరకొచ్చేసరికి మాత్రం మేనల్లుడి మొహం గుర్తొచ్చి ఊరుకున్నాను. వాడికి ఫోన్ చేసి ఇదే చెప్పాను. 'బూర సీనుకి ఆ రోజు నేనూ నవ్వాను మావయ్యా, నువ్వు టీవీ వంకే చూస్తున్నావు' అన్నాడు.