బెంగళూరు నుంచి ఊరికి చిన్న విమానం: నలుగురం కలిసి కొనుక్కుంటే కుదురుతుందా?

నంద్యాల_వైట్‌ఫీల్డ్

అందరికీ నమస్కారం. మాది నంద్యాల దగ్గర పల్లె. పదకొండేళ్లుగా వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాను. అమ్మ ఊళ్లో ఒక్కతే ఉంది, నెలకు రెండుసార్లు వెళ్లి రావాలి. శుక్రవారం సాయంత్రం ఆరింటికి కారు తీస్తే హెబ్బాళ దాటేసరికే ఎనిమిదవుతుంది. అనంతపురం, తాడిపత్రి, బనగానపల్లె మీదుగా ఇల్లు చేరేసరికి రాత్రి రెండు. అమ్మ అప్పటిదాకా లైటు వేసుకుని కూర్చునే ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కోగానే మళ్లీ బయలుదేరాలి.

కర్నూలు దగ్గర ఓర్వకల్లులో విమానాశ్రయం ఉంది. 2021 మార్చి 28న అక్కడి నుంచి బెంగళూరు, విశాఖ, చెన్నైలకు సర్వీసులు మొదలైన రోజు నాకు పండగే. కానీ పెద్ద విమానం దాని టైముకి వెళ్తుంది, నా ఆఫీసు వదిలే టైము దానికి పట్టదు. అందుకే మా ప్రాంతం వాళ్లం నలుగురం సెకండ్ హ్యాండ్ సెస్నా 172 కొనుక్కుందామా అని మూడు నెలలుగా అనుకుంటున్నాం. నాలుగు సీట్లు. మాలో ఇద్దరం లైసెన్స్ తీసుకుంటాం. బెంగళూరులో చిన్న విమానాలు ఎగిరే జక్కూరు నుంచి ఓర్వకల్లుకి నేరుగా 300 కిలోమీటర్లు. గంటకు 200 వేసుకున్నా గంటన్నర. నడిపినవాళ్లు, దగ్గరగా చూసినవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

మొదటి_సోలో

అన్నా, నాకు ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంది. నేర్చుకున్నది వేరే రాష్ట్రంలో. రూల్ ప్రకారం కనీసం 40 గంటలు ఎగరాలి, పదిహేడేళ్లు నిండాలి, మెడికల్ పాసవ్వాలి, రేడియోకి వేరే లైసెన్స్ తెచ్చుకోవాలి. నలభై గంటలే కదా, ఆరు నెలల్లో అయిపోతుందనుకున్నాను. పద్నాలుగు నెలలు పట్టింది. మా స్కూల్లో రెండే విమానాలు, అందులో ఒకటి స్పేర్ పార్టు కోసం మూడు నెలలు హ్యాంగర్‌లోనే ఉండిపోయింది. ఉద్యోగం చేస్తూ నేర్చుకుంటే దానికి తగ్గట్టు లెక్కేసుకోండి.

మీ గంటన్నర కరెక్టే, కానీ అది గాల్లో ఉన్న టైము మాత్రమే. వైట్‌ఫీల్డ్ నుంచి జక్కూరుకి గంటన్నర. ఫ్లైట్ ప్లాన్ వేయాలి, ఏడీసీ నంబరు, ఎఫ్ఐసీ నంబరు తెచ్చుకోవాలి. మొదటిది వైమానిక రక్షణ వాళ్ల అనుమతి, అది లేకుండా బయలుదేరడానికి లేదు. రెండోది విమాన సమాచార కేంద్రం ఇచ్చేది. యలహంక వైమానిక స్థావరం జక్కూరుకి పక్కనే కాబట్టి అక్కడ ఏరో ఇండియా విమాన ప్రదర్శన రిహార్సల్స్ ఉన్న రోజుల్లో మన ప్లాన్ పక్కన పెట్టుకోవడమే. ఇవన్నీ కలిపి గంట. ఓర్వకల్లులో దిగాక నంద్యాలకి ముప్పావు గంట. మొత్తం నాలుగున్నర, ఐదు గంటలు. రోడ్డు కంటే తక్కువే, కాదనను.

అసలు చిక్కు వేరే ఉంది. మీరు బయలుదేరేది శుక్రవారం సాయంత్రం. కంటిచూపు మీద నడిపే విమానానికి మన దగ్గర పొద్దు వాలాక మామూలుగా అనుమతి ఉండదు. పైగా కనీసం 5 కిలోమీటర్ల దూరం స్పష్టంగా కనిపించాలి. అంటే శనివారం పొద్దున వెళ్లి ఆదివారం సాయంత్రం లోపల వచ్చెయ్యాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడు దాటితే ఉరుముల మబ్బు లేస్తుంది. ఆ మబ్బు కింద నుంచి దూరిపోదాం అని ఎప్పుడూ అనుకోకండి. నేను ఒకసారి వెనక్కి తిరిగి వేరే చోట దిగి, బస్సులో ఇంటికొచ్చాను. మర్నాడు ఆఫీసుకి వెళ్లలేకపోయాను.

ఇవన్నీ చెప్పినా నేను వద్దనడం లేదు. పొద్దున ఆరున్నరకి విమానం చుట్టూ తిరిగి చూసుకునే ఆ ఇరవై నిమిషాలు నాకు ప్రాణం. రెక్క కింద చిన్న వాల్వ్ ఉంటుంది. దాన్ని నొక్కి పారదర్శకమైన గ్లాసులోకి కాస్త పెట్రోలు పట్టి, వెలుగుకి ఎదురుగా పెట్టి చూడాలి. ఏవ్‌గ్యాస్, అంటే ఈ విమానాల పెట్రోలు, లేత నీలం రంగులో ఉంటుంది. రాత్రి మంచుకి ట్యాంకులో నీరు చేరితే గ్లాసు అడుగున రంగులేని గుండ్రటి చుక్కలా నిలుస్తుంది. ఆ చుక్క ఇంజన్‌లోకి పోతే టేకాఫ్‌లోనే ఆగిపోవచ్చు. చుక్క కనపడితే పారబోసి, మళ్లీ పట్టి, నీలం తప్ప ఏమీ కనపడనంతవరకు పడుతూనే ఉండాలి. మీ నలుగురిలో ఈ పనిని ఇష్టంగా చేసేవాళ్లు ఇద్దరుంటే ముందుకు వెళ్లండి.

హంస_పాత_చేయి

బాబూ, నేను విమానాల పనిలోనే రిటైరయ్యాను, ఇప్పుడు మురుగేశ్‌పాళ్యలో ఉంటున్నాను. మీరు అడిగింది ఈ ఊరికి కొత్త కాదు. 1958లోనే ప్రభుత్వ విమానాల తయారీ సంస్థ హెచ్ఏఎల్ ఇక్కడ పుష్పక్ అనే రెండు సీట్ల విమానాన్ని ఎగరేసింది, ఫ్లయింగ్ క్లబ్బుల కోసం. ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థ ఎన్ఏఎల్ వాళ్ల చిన్న విమానం హంస 1993 నవంబరులో మొదటిసారి ఎగిరింది, 2000లో సర్టిఫికెట్ వచ్చింది. కొత్త హంస 2021 సెప్టెంబరు 3న ఎగిరింది. మహీంద్రాతో కలిసి చేసిన ఐదు సీట్ల ఎన్ఎమ్5 అయితే 2011లో ఆస్ట్రేలియాలో ఎగిరింది. అది మన ఊళ్ల మధ్య తిరుగుతుందని ఎంత ఆశపడ్డామో. అలా జరగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇక మీ సెస్నా. నాలుగు సీట్లున్నాయని నలుగురు ఎక్కొచ్చు అనుకోకండి. మోడల్‌ని బట్టి మనుషులు, సామాను, ఇంధనం అన్నీ కలిపి 390 కిలోల దగ్గర పరిమితి ఉంటుంది. ఓర్వకల్లులో దిగగానే ఏవ్‌గ్యాస్ దొరుకుతుందని లెక్కేయకుండా రాను పోను ఇక్కడే నింపుకోండి. గంటకు 35 లీటర్ల చొప్పున మూడు గంటలు, పైన రిజర్వు, మొత్తం 130 లీటర్లు. లీటరు 0.72 కిలో కాబట్టి 94 కిలోలు ఇంధనమే. మిగిలింది 296. మీ నలుగురి బరువులు చెప్పండి, బ్యాగులతో సహా.

ఇంకో మాట. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 3000 అడుగుల ఎత్తు. ఏప్రిల్ మధ్యాహ్నం 35 డిగ్రీల ఎండలో గాలి ఎంత పలచబడుతుందంటే, రెక్కకీ ఇంజన్‌కీ 6000 అడుగుల ఎత్తున ఉన్నట్టే లెక్క. సముద్రమట్టంతో పోలిస్తే నేలమీద పరుగు సగానికి పైగా పెరుగుతుంది, పైకి లేవడం నెమ్మదిస్తుంది. జక్కూరు రన్‌వే చుట్టూ ఇప్పుడు ఇళ్లు, పక్కనే బళ్లారి రోడ్డు ఫ్లైఓవర్. బరువు ఎక్కువైతే తప్పు దిద్దుకునే చోటు అక్కడ లేదు.

నంద్యాల_వైట్‌ఫీల్డ్

సార్, అందరం బ్యాగులు భుజాన వేసుకుని బరువు తూచే మిషన్ ఎక్కాం. 78, 84, 71, 90. మొత్తం 323. ఊరి నుంచి వచ్చేటప్పుడు అమ్మ ఇచ్చే బియ్యం, ఆవకాయ జాడీ ఇందులో లేవు.

హంస_పాత_చేయి

అయితే ముగ్గురికే విమానం. నాలుగోవాడికి సీటుంది, బరువు లేదు. ఎవరు ఆగిపోతారో కొనకముందే తేల్చుకోండి. డబ్బులు తీసుకుని బయటివాళ్లను ఎక్కించుకుని ఖర్చు రాబట్టుకోవడం ప్రైవేట్ లైసెన్స్‌తో కుదరదు, అదీ గుర్తుంచుకోండి.

సర్జాపుర_శ్రీ

ఇంకొన్నాళ్లు ఆగితే నయం కదా? బ్యాటరీతో నిటారుగా లేచే ఎయిర్ టాక్సీలు వస్తున్నాయి. ఇక్కడ సర్లా ఏవియేషన్ వాళ్లు 2025 జనవరిలో శూన్య అనే నమూనా చూపించారు. చెన్నైలో ఐఐటీ మద్రాసు నుంచి వచ్చిన ఈ-ప్లేన్ కంపెనీ కూడా ఉంది. 2022లో దేవనహళ్లి విమానాశ్రయం నుంచి పాత హెచ్ఏఎల్ విమానాశ్రయానికి హెలికాప్టర్ సర్వీసు మొదలైంది, అప్పట్లో సీటు 3250 రూపాయలు.

మొదటి_సోలో

శ్రీ గారూ, అవి ఊరి లోపల తిరగడానికి. నంద్యాల దూరం వాటికి పెద్ద పరీక్ష. కిలో పెట్రోలులో దాదాపు 12,000 వాట్ అవర్ల శక్తి ఉంటుంది, మంచి లిథియం బ్యాటరీలో 250. పెట్రోలు ఇంజన్ అందులో నాలుగింట మూడు వంతులు వేడిగా పోగొట్టినా ఇంకా పదింతలు పైనే తేడా. పైగా పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ బరువు తగ్గుతుంది, బ్యాటరీ ఖాళీ అయినా అదే బరువు. దేవనహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి అయితే నేను కూడా ఎక్కుతాను.

కడప_బిడ్డ

నేను విమానాల గురించి తెలిసినదాన్ని కాదు. అయినా రాయాలనిపించింది. రెండేళ్ల క్రితం రాత్రి పదకొండింటికి మా నాన్నకి పక్షవాతం వచ్చింది. మా ఊరు కడప దగ్గరే. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలట, ఆ సంగతి నాకు ఆ రాత్రే తెలిసింది. దగ్గరున్న ఆసుపత్రిలో స్కాన్ చేసే మనిషి లేడని పెద్ద ఊరికి తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సులో నేను ఫోన్‌లో టైము చూస్తూనే ఉన్నాను. చేరేసరికి ఐదు గంటలు దాటింది. నాన్న బతికారు. కుడి చెయ్యి రాలేదు.

తర్వాత చాలా రోజులు, విమానం ఉంటే బాగుండేది అనుకునేదాన్ని. పైన తమ్ముడు రాసింది చదివాక అర్థమైంది, ఆ రాత్రి విమానం ఉన్నా లేవదు. మా చుట్టుపక్కల రాత్రిపూట దీపాలు వెలిగే రన్‌వే, మేలుకుని ఉండే మనిషి కావాలి. మీరు ఎవరికైనా అర్జీ పెట్టేట్టయితే ఈ ఒక్క సంగతి తప్పకుండా రాయండి.

హంస_పాత_చేయి

అమ్మా, మీరు అసలు సంగతి పట్టుకున్నారు. అమెరికాలో నాసా 2001 నుంచి 2005 దాకా సరిగ్గా దీనిమీదే ఒక ప్రాజెక్టు నడిపింది. అక్కడ జనం వాడుకునే విమానాశ్రయాలు ఐదు వేల పైనే ఉన్నాయి, చాలావాటికి టవరూ లేదు, రాడారూ లేదు. అలాంటి చోట వాన, మబ్బు ఉన్నా ఒకేసారి కొన్ని చిన్న విమానాలు ఒకదానికొకటి అడ్డు రాకుండా ఎలా దిగాలి అన్నది వాళ్ల ప్రశ్న. 2005 జూన్‌లో వర్జీనియాలోని డాన్‌విల్‌లో చేసి చూపించారు. విమానం కంటే నేలమీది ఏర్పాటు, సమాచారం ఇచ్చే పద్ధతి గురించే వాళ్లు ఎక్కువ ఆలోచించారు. తర్వాత ఫ్లోరిడాలో డేజెట్ అనే కంపెనీ చిన్న జెట్‌లతో సీటు చొప్పున అద్దెకు తిప్పింది. 2007 అక్టోబరులో మొదలుపెట్టి, 2008 సెప్టెంబరులో మూసేసింది. సాంకేతికం సిద్ధమైనా లెక్కలు కుదరాలి.

మన దగ్గర నాకు నమ్మకం కలిగించేది 9 సీట్ల సెస్నా కారవాన్. ఒడిశాలో భువనేశ్వర్, జయపురం మధ్య 2022 అక్టోబరులో, చిన్న ఊళ్లకి విమానాలు నడపడానికి కేంద్రం సాయం చేసే ఉడాన్ పథకం కింద మొదలైంది. దాని టర్బైన్ ఇంజన్‌కి మామూలు జెట్ ఇంధనమే సరిపోతుంది, ఏవ్‌గ్యాస్ కోసం వెతుక్కోవక్కర్లేదు. నడిపేది వృత్తి పైలట్లు. చిన్న రన్‌వే చాలు. ఉడాన్ సాయం కొన్నేళ్లే ఉంటుంది, ఆలోపు రూటు తన కాళ్లమీద నిలబడాలి. బెంగళూరులో నంద్యాల, కర్నూలు, కడప, అనంతపురం వాళ్లు ఎంతమంది ఉన్నారు! శుక్రవారం సాయంత్రం 9 సీట్లు నిండవా? రన్‌వేకి రాత్రి దీపాలు, మబ్బులో కూడా దిగడానికి ఉపగ్రహ సాయం, దిగాక ఊరికి ఒక వ్యాను. ఈ మూడూ కూడితే మీ అమ్మగారు రాత్రి రెండింటిదాకా లైటు వేసుకుని కూర్చోనక్కర్లేదు.

మొదటి_సోలో

సార్, తొమ్మిది సీట్ల సర్వీసు రావాలి, ఒప్పుకుంటాను. అలాగని సొంతంగా నేర్చుకునేవాళ్లని ఆపకండి. విమానం తెలిసిన మనుషులు ఊరికి పదిమంది ఉంటేనే ఆ ఊరి రన్‌వే గురించి అడిగేవాళ్లుంటారు.

నంద్యాల_వైట్‌ఫీల్డ్

నిన్న రాత్రి నలుగురం కూర్చుని మాట్లాడుకున్నాం. కొనే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాం. నేను, ఇంకొకడు మెడికల్ పరీక్షకి వెళ్తున్నాం, లైసెన్స్ మాత్రం మొదలుపెడతాం. మిగతా ఇద్దరూ బెంగళూరులో మన నాలుగు జిల్లాల వాళ్లు నెలకు ఎన్నిసార్లు, ఏ రోజు ఊరెళ్తారో ఒక ఫారంలో రాయించే పని పెట్టుకున్నారు. కడప అక్కా, రాత్రి దీపాల సంగతి అందులో మొదటి ప్రశ్నగా పెట్టాం. ఫారం లింకు ఈ థ్రెడ్‌లోనే పెడతాను, మీవాళ్లందరికీ పంపండి.

సార్, శనివారం పొద్దున ఆరింటికి జక్కూరులో కలవగలరా? ఆ నీలం గ్లాసు ఒకసారి చూడాలని ఉంది.

హంస_పాత_చేయి

ఆరుకి కాదు, ఐదు ముప్పావుకి రండి. గేటు దగ్గర పాస్ రాయించుకోవాలి. ఆధార్ కార్డు తెచ్చుకోండి.