1972లో షకర్‌గఢ్ సెక్టార్‌లో మైన్లు తీసిన మద్రాస్ సాపర్స్ ఎవరైనా ఉన్నారా? నా పాత సెక్షన్ మనిషి కోసం వెతుకుతున్నాను

ప్రశ్న: ఒంగోలు తంబి

అందరికీ నమస్కారం. నేను మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో పనిచేసి హవల్దారుగా రిటైరైన వాణ్ణి. మద్రాస్ సాపర్స్ అంటే మేమే, ఆర్మీలో దారులు వేయడం, మైన్లు తీయడం మా పని. 1969లో భర్తీ అయ్యాను, బెంగుళూరు అల్సూరులో ట్రైనింగ్. 71 యుద్ధంలో పాకిస్తాన్ పంజాబ్‌లోని షకర్‌గఢ్ వైపు ఉన్నాను.

అక్కడ నాతో ఒకే సెక్షన్‌లో ఉన్న ఒకాయన కోసం వెతుకుతున్నాను. కష్టం ఎక్కడొచ్చిందంటే, ఆయన్ని మేం ఎవరమూ పేరు పెట్టి పిలవలేదు. ప్లటూన్‌లో అదే పేరున్నవాళ్లు ఇంకా ఉండేవారు. అందుకని రోల్‌కాల్‌లో ఆర్మీ నంబరులోని చివరి మూడంకెలు కలిపి పిలిచేవారు. మాకు మాత్రం ఆయన 'కడప'. నేను 'ఒంగోలు'. ఇంటిపేరేంటి, ఏ ఊరు, ఏ తాలూకా అని అడగాలనే తట్టలేదు. రేపు కూడా పక్కనే ఉంటాడుగా అనుకునే వయసు. పేరు, ఆ మూడంకెలు నాకు గుర్తున్నాయి. బతికున్న మనిషి వివరాలు ఆయన్ని అడక్కుండా ఇక్కడ పెట్టడం మర్యాద కాదు కాబట్టి రాయడం లేదు.

ఆ సెక్టార్‌లో బసంతర్ నది దగ్గర జరిగిన యుద్ధం అనగానే అందరికీ 17 పూనా హార్స్ ట్యాంకులు, డిసెంబరు 16న 21 ఏళ్లకే ప్రాణమిచ్చిన అరుణ్ ఖేతర్‌పాల్ సాబ్, జర్‌పాల్ దగ్గర కదలకుండా నిలబడ్డ 3 గ్రెనేడియర్స్ మేజర్ హోషియార్ సింగ్ సాబ్ గుర్తొస్తారు. ఇద్దరికీ పరమవీర చక్ర ఇచ్చారు, ఎంత చెప్పుకున్నా తక్కువే. కానీ ఆ ట్యాంకులు వెళ్లిన దారి ఊరికే తెరుచుకోలేదు. షెల్లింగ్ కింద, చీకట్లో, బోర్లా పడుకుని సాపర్లు మైన్లు తీస్తూ పోతే తెరుచుకుంది. 9 ఇంజనీర్ రెజిమెంట్ మేజర్ విజయ్ రతన్ చౌదరి సాబ్ ఆ సెక్టార్‌లో ఈ పనిలోనే పోయారు. ఆయనకి మరణానంతరం మహావీర చక్ర వచ్చింది. ఈ సంగతి మనవాళ్లలో ఎంతమందికి తెలుసు?

డిసెంబరు 17 రాత్రి 8 గంటలకి పశ్చిమాన కాల్పులు ఆగాయి. ఇంటి దగ్గరివాళ్లు యుద్ధం అయిపోయిందనుకున్నారు. మాకు అవలేదు. సిమ్లా ఒప్పందం జరిగింది 72 జులైలో, సైన్యాలు వెనక్కి వచ్చింది ఆ డిసెంబరులో. ఈలోగా ఆ ఏడాదంతా మాకు మైన్లు తీయడమే పని. ప్రాడర్‌ని, అంటే మైను ఎక్కడుందో వెతికే మొనదేలిన ఊచని, నేలలోకి ఏటవాలుగా గుచ్చాలి. నిలువుగా గుచ్చితే మైను నెత్తి మీద పొడిచినట్టే. కొసకి గట్టిగా ఏదైనా తగిలితే ఆగిపోయి, చేత్తో పక్కనుంచి మట్టి తీసుకుంటూ రావాలి. అది రాయి అయితే ఊపిరి పీల్చుకుని ఇంకో జానెడు ముందుకి. మ్యాపు మీద మైన్లు వరసగా ఉంటాయి. వానలు పడ్డాక నేల మీద అలా ఉండవు. కొన్ని జరిగిపోతాయి, కొన్నిటి మీద మట్టి మేట వేస్తుంది, పైన సర్కండా గడ్డి మనిషెత్తు లేస్తుంది.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. తర్వాత ఆర్మీలోనే రోమన్ హిందీ, మ్యాప్ రీడింగ్ నేర్చుకున్నాను గానీ అప్పట్లో తెలుగులో ఉత్తరం రాయాలంటే చెయ్యి ఆడేది కాదు. కడప ఎస్సెస్సెల్సీ చదివాడు. సాయంత్రం బంకర్లో లాంతరు పెట్టుకుని, మెస్‌టిన్ బోర్లించి దాని మీద ఇన్‌లాండ్ లెటర్ పెట్టుకుని, మా నలుగురైదుగురికీ ఇళ్లకి ఉత్తరాలు రాసేవాడు. మనం చెప్పింది చెప్పినట్టు రాసేవాడు కాదు. "ఒరేయ్, పెళ్లి సంగతి అడగలేదేం? అక్కకి నొప్పులు తగ్గాయా అని అడగవా?" అంటూ తనే గుర్తుచేసేవాడు. కేరాఫ్ 56 ఏపీవోకి (మా ఆర్మీ పోస్టాఫీసు అడ్రసు) జవాబొస్తే చదివి వినిపించేదీ ఆయనే. మా అమ్మ ఏ మాటకి ఏడుస్తుందో, మా నాన్న ఏ అప్పు గురించి దాస్తున్నాడో నాకంటే ఆయనకే ముందు తెలిసేది.

72 ఎండాకాలంలో ఆయన కాలి కింద మైను పేలింది. ఎడమ కాలు. కట్టు కట్టినవాళ్లలో నేనొకణ్ణి. స్ట్రెచర్ మీద పడుకుని కూడా, చొక్కా జేబులో ఉత్తరం ఉంది, పోస్టులో వెయ్యి అన్నాడు. తీసి చూస్తే అది మా అమ్మకి నా తరఫున రాసిన ఉత్తరం. ఫీల్డ్ అంబులెన్స్‌కి, అక్కణ్ణించి పఠాన్‌కోట్ ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆ తర్వాత పుణె పంపారని విన్నాం. మా యూనిట్ ఇంకో చోటికి మారింది. అంతే, మళ్లీ కబురు లేదు.

మా ఇంట్లో ఆ ఉత్తరాలు ఒక్కటీ మిగల్లేదు, 77 తుపానులో ఇల్లు కూలినప్పుడు పోయాయి. అమ్మ కూడా లేదు. ఆ రోజుల్లో నేను ఇంటికి ఏం చెప్పుకున్నానో నాకే సరిగా గుర్తులేదు. ఆయనకి గుర్తుండొచ్చు. ఒక్కసారి కూర్చుని మాట్లాడాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

జవాబు: రిటైర్డ్ నాయబ్ సుబేదార్, క్లర్క్

రామ్ రామ్ హవల్దార్ సాబ్. నేను ఒక రికార్డ్స్ ఆఫీసులో చాలాకాలం పనిచేశాను కాబట్టి నాకు తెలిసిన దారి చెప్తాను. పేరు, చివరి మూడంకెలు, యూనిట్, 72లో గాయపడిన నెల, ఇవి ఉంటే సగం పని అయినట్టే. మనిషి దెబ్బతిన్నప్పుడు కాజువాల్టీ రిపోర్టు వెళ్తుంది, పార్ట్ టూ ఆర్డర్, అంటే మనిషి సర్వీసు రికార్డులోకి ఎక్కే ఉత్తర్వు, పడుతుంది. పేర్లు ఎంతమందికి కలిసినా ఆ నెలలో, ఆ యూనిట్‌లో కాలికి దెబ్బ తగిలినవాళ్లు కొద్దిమందే ఉంటారు.

బెంగుళూరులో మీ ఎంఈజీ (మద్రాస్ ఇంజనీర్ గ్రూప్) రికార్డ్స్‌కి కాగితం మీద ఉత్తరం రాయండి. అడ్రసు ఇవ్వండి అని అడగకండి, పెన్షనర్ అడ్రసు ఎవరికిపడితే వాళ్లకి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఆయన పేరు మీద ఇంకో ఉత్తరం విడిగా కవర్లో పెట్టి, దయచేసి దీన్ని ఆయనకి చేర్చండి అని అడగండి. మీ ఆర్మీ నంబరు, డిస్చార్జ్ బుక్ జిరాక్స్ జతచేయండి, ఎవరో బయటివాళ్లు కాదని వాళ్లకి నమ్మకం కలగాలి. ఇదే పని కడప జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కూడా చేయండి. మాజీ సైనికుల నమోదు అక్కడే ఉంటుంది.

ఇంకో మాట. మీరు ఇప్పటిదాకా యూనిట్ వాట్సాప్ గ్రూపుల్లో అడిగి ఉంటారు, దొరికి ఉండడు. కారణం ఉంది. 72లోనే మెడికల్ బోర్డు అయి ఇంటికెళ్లిన మనిషి, 80ల్లో, 90ల్లో పెన్షన్‌కొచ్చిన వాళ్లలో ఎవరికీ పరిచయం ఉండడు. ఆ గ్రూపులన్నీ తర్వాతివాళ్లవి. కాబట్టి గ్రూపుల మీద టైం పెట్టకండి.

చెప్పడం కష్టంగా ఉంది గానీ, ఆయన లేకపోయి కుటుంబానికి ఫ్యామిలీ పెన్షన్ వస్తూ ఉండొచ్చు. కవరు మీద ఆయన పేరుతో పాటు "లేదా కుటుంబ సభ్యులకు" అని కూడా రాయండి. లేకపోతే ఉత్తరం తిరిగి మీ దగ్గరికే వస్తుంది.

జవాబు: ఫౌజీ కూతురు

బాబాయ్ గారూ, మీరు రాసింది చదివి మా నాన్నగారే గుర్తొచ్చారు. ఆయన 71లో తూర్పు వైపు, ఆర్టిలరీ. మా చిన్నప్పుడు యుద్ధం గురించి ఏమడిగినా "ఢాకా పడిపోయింది, 93 వేలమంది లొంగిపోయారు" అని పేపర్లో ఉన్నదే చెప్పేవారు. ఆయన ఏం చూశారో ఎప్పుడూ చెప్పలేదు.

కొన్నేళ్ల కిందట ఆయనతో ఒకే గన్ మీద పనిచేసినాయన ఎక్కణ్ణించో నంబరు సంపాదించి ఫోన్ చేశారు. నాన్న ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయారు. గంట పైనే మాట్లాడారు, హిందీలో, మధ్యమధ్యలో తమిళంలో. మా నాన్నకి తమిళం వచ్చని మా అమ్మకే తెలియదు. అంతగా నవ్వడం కూడా మేం అప్పటిదాకా చూడలేదు. ఆ తర్వాత మాత్రం చాలా రోజులు నిద్రపోలేదు. రాత్రిళ్లు లేచి వరండాలో కూర్చునేవారు. ఎవరెవరో పేర్లు పలికేవారు. మాకు భయమేసి డాక్టరుకి చూపించాం.

మీరు వెతకొద్దని అనడం లేదు. దొరికితే మాత్రం నేరుగా ఇంటికెళ్లి నిలబడకండి. ముందు కొడుకుతోనో, కూతురితోనో మాట్లాడండి. ఆయన ఎలా ఉన్నారు, ఆ రోజుల సంగతి ఎత్తితే ఎలా ఉంటారు అని అడగండి. కాలు పోయిన రోజు గురించి ఆయనే ఎత్తేదాకా మీరు ఎత్తకండి.

ఒంగోలు తంబి:

అమ్మా, నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, అలాగే చేస్తాను. మీ నాన్నగారికి నా సెల్యూట్ చెప్పు. నిద్ర సంగతి నాకూ తెలుసు. నాకు మైన్ల కంటే ఆ గడ్డి చప్పుడే ఎక్కువ వస్తుంది, గాలికి సర్కండా ఒకదానికొకటి రాసుకునే చప్పుడు.

ఒక్కటి మాత్రం నా మనసులో మాట చెప్తాను. మాట్లాడకపోతే నిద్ర పడుతుందని కాదు. ఇంట్లోవాళ్లకి మొదటినుంచీ చెప్పుకురావాలి. సెక్షన్ అంటే ఏంటి, లేన్ అంటే ఏంటి, తెల్ల టేపు ఎందుకు వేస్తారు, అవన్నీ చెప్పేసరికి అసలు మాట చల్లారిపోతుంది. అక్కడ ఉన్నవాడికైతే "ఆ రావిచెట్టు పక్క లేన్" అంటే చాలు. మీ నాన్నగారు గంటసేపు మాట్లాడింది అందుకేనమ్మా. వీలైతే ఆ ఫోన్లు ఆపించొద్దు. పగటిపూట మాట్లాడుకోమను, రాత్రిళ్లు వద్దను.

నాయబ్ సాబ్, పార్ట్ టూ ఆర్డర్ సంగతి నాకు తట్టనే లేదు. ఉత్తరాలు రెండు చోట్లకీ రాస్తున్నాను.

జవాబు: పరాక్రమ్ సాపర్

సార్, నేను కూడా సాపర్నే, మీకంటే చాలా జూనియర్. పార్లమెంటు మీద దాడి తర్వాత ఆపరేషన్ పరాక్రమ్‌లో, 2002లో, రాజస్థాన్ బోర్డర్‌లో మైన్ల పని మీద ఉండగా నాకు కుడి కాలు మోకాలి కింద పోయింది. ఆ ఏడాది బోర్డర్ పొడుగునా మైన్లు వేశాం, మళ్లీ తీశాం. యుద్ధం జరగలేదు కాబట్టి జనానికి గుర్తులేదు.

మీ మనిషిని పుణె పంపారంటే అది ఆర్టిఫిషియల్ లింబ్ సెంటరే అయ్యుంటుంది. 1944 నుంచీ ఉంది. పెట్టుడు కాలు జీవితాంతం ఉండదు సార్, అరుగుతుంది, మిగిలిన మొండికాలు సన్నబడితే దాన్ని పట్టుకునే సాకెట్ వదులైపోతుంది. కాబట్టి కొన్నేళ్లకోసారి మళ్లీ అక్కడికే వెళ్లాలి, కొలతలిచ్చి, కొత్తది వచ్చేదాకా ఉండి, నడక అలవాటు చేసుకుని రావాలి. వార్డులో 65 వాళ్లు, 71 వాళ్లు, కార్గిల్ వాళ్లు, మా పరాక్రమ్ వాళ్లు పక్కపక్క మంచాల మీద ఉంటాం. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నడవనని మొండికేస్తే, 71లో కాలు పోయిన ఒక సర్దార్జీ పొద్దున్నే వచ్చి నా దుప్పటి లాగేసేవారు. "ముప్పై ఏళ్ల నుంచి దీని మీదే పొలం దున్నుతున్నా, లే" అనేవారు. ఆయన వల్లే నడిచాను.

నేను వచ్చే నెల సాకెట్ మార్పించుకోవడానికి వెళ్తున్నాను. తెలుగు వాళ్లెవరొచ్చినా అక్కడి పాత స్టాఫ్‌కి గుర్తుంటుంది. మీ 'కడప' గురించి అడుగుతాను. మీరు పేరు, అంకెలు నాకు విడిగా మెసేజ్ చేయండి.

జవాబు: రాజంపేట కుర్రాడు

తాతగారూ, నమస్తే. మా ఊరి పక్క పల్లెలో ఒక పెద్దాయన ఉన్నారు, అందరూ మిలిటరీ తాత అంటారు. ఒక కాలు పెట్టుడు కాలు. బాంబు మీద కాలేశాడట అని చిన్నప్పుడు చెప్పుకునేవాళ్లం. మా అవ్వావాళ్ల కాలంలో ఊళ్లో ఎవరికి ఉత్తరం రాయాలన్నా, మనియార్డరు ఫారం నింపాలన్నా ఆయన దగ్గరికే వెళ్లేవాళ్లంట. మీరు రాసింది చదవగానే ఆయనే అనిపించింది. కాకపోతే నాకు తెలిసి ఆయనది కుడి కాలు. ఏ రెజిమెంటో తెలియదు. చెవులు బాగానే వినిపిస్తాయి, మనిషి గట్టిగానే ఉన్నారు. ఆదివారం వెళ్లి అడగమంటారా?

ఒంగోలు తంబి:

నాయనా, నేను కట్టు కట్టింది ఎడమ కాలికే. అందులో నాకు అనుమానం లేదు, ఆ బూటు లేసు కోసింది నేనే. కాబట్టి ఆయన మా కడప కాకపోవచ్చు.

అయినా వెళ్లు. ముందు వాళ్ల ఇంట్లోవాళ్లతో మాట్లాడు, ఆ అమ్మాయి చెప్పింది చదివావుగా. ఆయన ఒప్పుకుంటే, ఏ సెంటర్లో ట్రైనింగ్ అయ్యారని అడుగు. బెంగుళూరు అల్సూరు అంటే, 72లో ఎక్కడున్నారని అడుగు. షకర్‌గఢ్ సెక్టార్ అన్నా, సాంబా అన్నా, బసంతర్ అన్నా చాలు, ఏ కంపెనీ అయినా, ఏ కాలైనా సరే, ఆయన నాకు కావలసినవాడే. ఒంగోలు నుంచి ఒక తంబి మాట్లాడాలనుకుంటున్నాడని చెప్పు. నా నంబరు నీకు మెసేజ్ చేశాను. పగలు ఎప్పుడు చేసినా ఎత్తుతాను, నేను పొలంలో ఉంటే మా కోడలు ఎత్తుతుంది, ఆమెకి విషయం అంతా చెప్పి ఉంచాను.

పరాక్రమ్ తమ్ముడూ, నీకు కూడా పేరు, అంకెలు పంపాను. పుణెలో కాలు సరిగ్గా కుదిరేదాకా తొందరపడి వచ్చేయకు. జై హింద్.