గడ్డ ఒక్కటే తీయించాలా, రొమ్ము మొత్తం తీయించేయాలా?

నాగావళి ఒడ్డు:
మా చిన్నాన్న కూతురికి 32 ఏళ్ళు, నరసన్నపేట దగ్గర ఇచ్చాం, ఒక పాప. ఎడమ రొమ్ములో రెండు సెంటీమీటర్ల లోపు గడ్డ, బయాప్సీలో కేన్సర్ అని తేలింది. హార్మోన్ పాజిటివ్ అట, అంటే ఒంట్లో హార్మోన్లతో పెరిగే రకం, చంకలో స్కానింగ్‌కి ఏమీ కనబడలేదు. సర్జన్ గారు గడ్డ వరకూ తీసి రేడియేషన్ ఇచ్చినా సరే, మొత్తం తీసేసినా సరే, ఆలోచించుకుని చెప్పండి అన్నారు. గొడవంతా అక్కడే మొదలైంది. వాళ్ళ అత్తగారు, మా మేనమామ, చూడ్డానికి వచ్చినవాళ్ళు అందరూ "మొత్తం తీయించేయండి, పీడ వదిలిపోద్ది" అంటున్నారు. తనకేమో ఉంచుకోవాలనే ఉంది, పెద్దవాళ్ళ ముందు నోరు విప్పలేకపోతోంది. ధైర్యం చెప్పే మాటలు వద్దు, విషయం తెలిసినవాళ్ళు చెప్పండి.

రాజాం కుర్రోడు:
మొత్తం తీయించడమే అన్నా. వయసు చిన్నది, ముందు 40 ఏళ్ళు బతకాలి. అందం కోసం సగం ఉంచుకుని రేపు మళ్ళీ వస్తే ఎవరిని అడుగుతారు? మా పిన్నికి మొత్తం తీసేశారు, ఇప్పుడు నిక్షేపంగా పొలం పనికి వెళ్తోంది.

డ్యూటీ సిస్టర్:
విశాఖలో రేడియేషన్ విభాగంలో పనిచేస్తున్నాను, ఈ "అందం కోసం" అనే మాట రోజూ వింటాను, ఒళ్ళు మండుతుంది. మొత్తం తీస్తే ఎక్కువ కాలం బతుకుతారా అనే ప్రశ్న ఈనాటిది కాదు. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్టో వెరోనేసి అనే సర్జన్లు 1970ల్లోనే దీనిమీద పెద్ద పరిశోధనలు మొదలుపెట్టారు. 20 ఏళ్ళపాటు ఆ ఆడవాళ్ళని గమనించి 2002లో ఫలితాలు వేశారు. మొత్తం తీసినవాళ్ళూ, గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్ళూ బతికిన లెక్క దాదాపు ఒకటే. తేడా ఎక్కడంటే, ఇటలీ లెక్కలో ఉంచినవాళ్ళలో అదే రొమ్ములో మళ్ళీ వచ్చింది 8.8 శాతం మందికి, తీసేసినవాళ్ళలో ఆ చోట తిరిగి వచ్చింది 2.3 శాతం మందికి. అంటే తీసేసినా సున్నా కాదు, గాటు మీద కూడా రావచ్చు. చిన్న వయసులో తిరగబెట్టడం ఎక్కువే, కాదనను, అందుకే వాళ్ళకి గడ్డ తీసిన చోట ఇంకొంత రేడియేషన్, అంటే బూస్ట్ డోస్, అదనంగా ఇస్తారు. ప్రాణం తీసేది ఎముకకో లివర్‌కో ఊపిరితిత్తులకో పాకడం, దాన్ని ఆపడానికి కీమో, హార్మోన్‌ని అడ్డుకునే బిళ్ళలు. ఏ ఆపరేషన్ చేయించుకున్నా ఆ మందుల్లో అవసరమైనవి ఎలాగూ ఉంటాయి.

రాజాం కుర్రోడు:
మేడమ్, ఆ అమెరికా ఆవిడ ఇంటి పక్కనే మెషిన్ ఉంటుంది. పలాస నుంచో పాతపట్నం నుంచో వచ్చే మనిషి సంగతి చెప్పండి. శ్రీకాకుళం నుంచి విశాఖ వందకు పైనే కిలోమీటర్లు, ద్వారకా కాంప్లెక్స్‌లో దిగితే అగనంపూడి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రికి మళ్ళీ గాజువాక దాటి ఇంకో బస్సు. చంటిపిల్లని ఇంట్లో వదిలి ఎన్నాళ్ళు తిరుగుద్ది? సగంలో మానేస్తే? మీరు చెప్పిన ఫిషర్ లెక్కే నేనూ చూశాను, గడ్డ తీసి రేడియేషన్ ఇవ్వనివాళ్ళలో 39.2 శాతం మందికి అదే రొమ్ములో మళ్ళీ వచ్చింది, ఇచ్చినవాళ్ళలో 14.3. ఇది చూశాక కూడా ఉంచుకోమంటారా?

డ్యూటీ సిస్టర్:
ఇదీ అసలు ప్రశ్న, ఇది మొదటే అడిగి ఉంటే ఇంత పోట్లాట ఉండేది కాదు. రేడియేషన్ పూర్తి చేయలేని మనిషి గడ్డ ఒక్కటే తీయించుకోకూడదు, ఇందులో మీతో వాదన లేదు. కానీ మీ మనసులో ఉన్నది పాత లెక్క, వారానికి ఐదు చొప్పున ఐదు వారాలు. ఇప్పుడు చాలాచోట్ల 15 సిట్టింగులు, మూడు వారాలు, బూస్ట్ ఉంటే ఇంకొన్ని రోజులు. బ్రిటన్‌లో ఒక్క వారంలో ఐదు సిట్టింగులతో ముగించే పద్ధతికి 2020లో మంచి ఫలితాలు వచ్చాయి, అయితే అందులో చిన్న వయసువాళ్ళు తక్కువ, 32 ఏళ్ళ అమ్మాయికి సరిపోతుందా అనేది డాక్టరే చెప్పాలి. ఇంకోటి, రొమ్ము తీసేస్తే కరెంటు పెట్టించుకునే పని లేదని ఊళ్ళో అనుకుంటారు. చంకలో గ్రంథులకి పాకిందని ఆపరేషన్ తర్వాత తేలితే తీసేసినా రేడియేషన్ పడొచ్చు. అప్పుడు రెండూ పోయినట్టే, రొమ్మూ పోయింది, తిరుగుడూ తప్పలేదు.

బొబ్బిలి వీణ:
నాకు 34వ ఏట మొత్తం తీశారు. నేనే అడిగి తీయించుకున్నాను, ఈ రోజుకీ బాధ లేదు. మా అమ్మకీ, పెద్దమ్మకీ ఇదే జబ్బు, జీన్ పరీక్షలో బీఆర్‌సీఏ అనే, వంశంలో వచ్చే లోపం ఉందని వచ్చింది, ఆ టెన్షన్‌తో ప్రతి ఆరునెలలూ స్కానింగ్ రిపోర్టు కోసం కూర్చోవడం నా వల్ల కాదనిపించింది. మొదట్లో జాకెట్లో చేతిరుమాలు మడిచి పెట్టుకునేదాన్ని, బస్సులో కమ్మీ పట్టుకుంటే అది పైకి జరిగేది, ఇప్పుడు ప్యాడ్ కుట్టిన బ్రా కొనుక్కున్నాను. చెయ్యి పైకెత్తే వ్యాయామం మానితే భుజం పట్టేస్తుంది, అది మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేదు. 32కే వచ్చింది కాబట్టి మీ చెల్లికి ముందు జీన్ పరీక్ష గురించి అడగండి. అది ఉన్నా ప్రాణానికి తేడా తక్కువేనట, 40 ఏళ్ళూ ఆ లోపువాళ్ళ మీద బ్రిటన్‌లో చేసిన పరిశోధన 2018లో అదే చెప్పింది. అయినా రెండో రొమ్ములో వచ్చే అవకాశం పెరుగుతుంది కాబట్టి ఆలోచన మారుతుంది.

అన్నట్టు, ఇంతమంది ఇంత రాశారు, ఆ పిల్లకి ఇంకో బిడ్డ కావాలా అని ఒక్కరూ అడగలేదేం? కీమో అండాశయాలని దెబ్బతీయొచ్చు. అండాలు దాచుకోవాలంటే కీమో మొదలవకముందే, రెండు వారాలు పడుతుంది. తర్వాత బిళ్ళలు ఐదేళ్ళు, ఒక్కోసారి పదేళ్ళు, అవి వాడుతూ గర్భం రాకూడదు. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళు వాడాక మధ్యలో ఆపి బిడ్డను కన్నవాళ్ళకి, మూడేళ్ళ వరకు చూస్తే జబ్బు తిరగబెట్టడం పెరగలేదని 2023లో వచ్చింది. ఆ లెక్క మూడేళ్ళ వరకే, అది కూడా చెప్పాలి కదా.

నాగావళి ఒడ్డు:
వీణక్కా, అడిగాను. కావాలంది. వాళ్ళాయన పక్కనే ఉన్నాడు, ఆ మాట అతనూ అప్పుడే విన్నాడు. ఆపరేషన్ ఈ వారం వద్దనుకున్నాం, జీన్ పరీక్ష, అండాల సంగతి అడిగాకే. పది రోజులు ఆగితే ముదిరిపోదు కదా సిస్టర్?

డ్యూటీ సిస్టర్:
ఈ దశలో ఒకటి రెండు వారాలకి ఏమీ కాదు, నెలలు మాత్రం సాగదీయకండి. ఎన్టీఆర్ వైద్య సేవలో, అంటే మన ఆరోగ్యశ్రీలో, కేన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఉన్నాయి. అండాలు దాచే ఖర్చు వేరే చూసుకోవాలి. రెండోసారి వెళ్ళినప్పుడు ఆ అమ్మాయిని ఒంటరిగా డాక్టర్‌తో మాట్లాడనివ్వండి, అత్తగారిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి.

రాజాం కుర్రోడు:
నా మాట నాదే, నా చెల్లయితే మొత్తం తీయించమనే చెప్తాను. కానీ ఉంచుకోవడమే ఖాయమైతే గాజువాకలో మా మామయ్య వాళ్ళ మేడ మీద గది ఖాళీగా ఉంది, వంటకి స్టవ్ కూడా ఉంది. మూడు వారాలే కదా. మెసేజ్ పెట్టండి, తాళం అత్త దగ్గర ఉంటది.