అయోర్టా ఉబ్బు, పేగుల రక్తనాళాల్లో అడ్డంకి: స్టెంట్ ముందు ఎక్కడ వేయాలి?

ప్రశ్న, ఒంగోలు నుంచి:
మా నాన్నగారికి 71 ఏళ్లు, చుట్ట అలవాటు. పొట్టలో అయోర్టా (గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం) 5.8 సెంటీమీటర్లకు ఉబ్బిందని సీటీ యాంజియోలో తేలింది. పేగులకు వెళ్లే నాళాల్లో సీలియాక్ పూర్తిగా మూసుకుపోయిందట, ఎస్‌ఎంఏలో (సుపీరియర్ మెసెంటెరిక్ ఆర్టరీ, పేగుల ప్రధాన నాళం) 80 శాతం అడ్డు. తిన్న అరగంటకు కడుపు పట్టుకుని మంచం మీద ముడుచుకుపోతారు. ఇప్పుడు కంచం చూస్తేనే భయం, రెండు ముద్దల పెరుగన్నంతో లేచిపోతున్నారు. చొక్కాలన్నీ వదులైపోయాయి. ఒక డాక్టరు నేరుగా ఈవార్ (పొట్ట తెరవకుండా, నాళం గుండా వెళ్లి ఉబ్బు లోపల తొడుగు పెట్టడం) చేద్దామన్నారు, ఇంకొకరు ముందు ఎస్‌ఎంఏలో స్టెంట్ వేయాలంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియక ఇంట్లో అందరికీ టెన్షన్.

జవాబు, వాస్క్యులర్ సర్జన్:
అమ్మా, రెండో డాక్టరుగారు చెప్పిందే నాకు సబబుగా ఉంది. పేగులకు రక్తం ఇచ్చే మూడో నాళం ఐఎంఏ (ఇన్ఫీరియర్ మెసెంటెరిక్ ఆర్టరీ). మామూలుగా అది సన్నగా ఉంటుంది, మూసుకుపోయినా చాలామందికి తెలియను కూడా తెలియదు. పై రెండూ దెబ్బతిన్నప్పుడు మాత్రం అదే లావెక్కి, పెద్దపేగు అంచు వెంట ఉండే నాళాల గుండా కింది నుంచి పైకి రక్తం పంపుతుంది. అది పుట్టేది సాధారణంగా అయోర్టా ఉబ్బే చోటే. ఈవార్‌లో పెట్టే తొడుగు దాని నోరు మూసేస్తుంది. మిగిలిన దారి అదొక్కటే అయితే పేగు చచ్చుబడుతుంది, ప్రాణానికే ముప్పు.

సీటీ సీడీ తీసుకెళ్లి, పక్క నుంచి కనిపించే బొమ్మల్లో ఐఎంఏ ఎంత లావుందో చూపించమని అడగండి. లావుగా ఉంటే ఎస్‌ఎంఏ తెరవకుండా ఈవార్‌కు నేనైతే ఒప్పుకోను. స్టెంట్ కుదరకపోతే బైపాస్ చేయొచ్చు, లేదా పొట్ట తెరిచి గ్రాఫ్ట్ (కృత్రిమ నాళం) వేసి, ఐఎంఏను దానికే కుట్టొచ్చు. కటి భాగానికి వెళ్లే ఇంటర్నల్ ఇలియాక్ నాళాలను కూడా కాపాడుకోవాలి, పెద్దపేగు చివరి భాగానికి అవీ ఆసరా.

జవాబు, విజయవాడ నుంచి:
మా అమ్మకు ఎస్‌ఎంఏ స్టెంట్ వేశాకే తిండి మీద ధైర్యం వచ్చింది. అంతవరకు జావ, మెత్తటి ఇడ్లీ కొంచెం కొంచెంగా పెట్టేవాళ్లం. కాంట్రాస్ట్ (నాళాలు స్పష్టంగా కనిపించడానికి ఇచ్చే మందు) మళ్లీ మళ్లీ ఎక్కిస్తారు కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూపించుకోండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. స్టెంట్‌కీ ఈవార్‌కీ మధ్య ఎంత గ్యాప్ ఉండాలి?

సర్జన్:
మనిషి ఓపికను బట్టి, ఉబ్బు తీరును బట్టి. ఒకే సిట్టింగ్‌లోనూ చేస్తారు, కొన్ని వారాలు ఆగి కూడా చేస్తారు. మగవాళ్లలో ఉబ్బు 5.5 సెంటీమీటర్లు దాటితే సాధారణంగా రిపేరుకు సిద్ధమవుతాం కాబట్టి నెలల తరబడి వాయిదా వేయకండి. చుట్ట ఈరోజే మాన్పించండి. ఉన్నట్టుండి నడుములోగాని పొట్టలోగాని తీవ్రమైన నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఈవార్ తర్వాత విరేచనంలో రక్తం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే డ్యూటీ డాక్టరుకు చెప్పండి.